మొదటి ముద్ద

"సేదుగున్నాది. నాను తినను," అంటూ సుహాసిని కంచాన్ని ముందుకు నెట్టేసింది.

బడి వరండాలో బారులు తీరి కూర్చున్న పిల్లలంతా అటు తిరిగారు. నాలుగో తరగతి పిల్ల అది. తిండి దగ్గర పేచీ దానికి మామూలే. బెండకాయ జిగురంటుంది, వంకాయ దురదంటుంది. ఇవాళ ఆనపకాయ పప్పు మీద పడ్డావా అని వంటమనిషి మరిడమ్మ విసుక్కుంది.

"పొద్దున్న పాఠంలో సారే సెప్పారు గదా, సేదుగుంటే ఉమ్మీమని."

పిల్లలు నవ్వారు. ఆ పాఠం వంటపాకలో ఉన్న మరిడమ్మ చెవినా పడింది. నాలుక మీది బొడిపెల్లో కంటికి ఆననంత చిన్న మొగ్గలుంటాయట. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసంలో ఉండే కమ్మదనం అన్నీ వాటి వల్లే తెలుస్తాయట. విషపు కాయలు చాలావరకు చేదుగానే ఉంటాయి కాబట్టి చేదు సంగతిలో నాలుక మరీ జాగ్రత్తగా ఉంటుందని, అందులోనూ పిల్లల నాలుకలు చురుకని హెడ్మాస్టరు ఉమాశంకర్ చెప్పాడు. మొగ్గల్లోని కణాలు పాతబడి రాలిపోతుంటే కొత్తవి పుడుతూనే ఉంటాయని కూడా చెప్పాడు. మరి తనకెందుకు పుట్టలేదో మరిడమ్మకు బోధపడలేదు.

ఆమెకు రుచి తెలియక చాలాకాలమైంది. పడుచుతనం నుంచీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చిన మనిషి. అంగిలి కమిలిపోయింది. నాలుక తోలుముక్కయింది. ఉప్పూ కారం చేతి అలవాటు కొద్దీ వేసేస్తోంది. వంటమనిషికి రుచి తెలీదంటే గరిటె ఇంకొకరి చేతికి పోతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు.

గోల విని ఉమాశంకర్ తన గదిలోంచి వచ్చాడు. పిల్లలకు వడ్డించే ముందు వంటమనిషీ హెడ్మాస్టరూ చెరో ముద్ద తిని చూడాలని రూలు. ఇవాళ కూడా ఇద్దరూ రోజూ లాగే తిన్నాకే వడ్డించారు. అయినా మరోసారి చూడమని ఆయన మరిడమ్మకు చెప్పాడు.

ఆమె గరిటెతో కాస్త తీసుకుని నోట్లో వేసుకుంది. వేడి తెలిసింది. ఆనపకాయ ముక్క మెత్తదనం తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు. పిల్లలందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. మేస్టారు కూడా.

"బాగానే ఉన్నాది మేస్టారూ. ఈ పిల్లకి ఆనపకాయంటే పడదు," అంది.

ఉమాశంకర్ కూడా కొంచెం అరచేతిలో వేయించుకుని నాకాడు. తలూపాడు.

"చేదేం లేదమ్మా. తిను. అన్నం పారబోయకూడదు."

మరో ఇద్దరు ముగ్గురు మొహాలు చిట్లించారు గానీ, సారు ఆ మాట అన్నాక ఎవరూ నోరెత్తలేదు. గుడ్డుతో కలుపుకుని గబగబా మింగేశారు. సుహాసిని కళ్ళనీళ్ళు పెట్టుకునే కంచం ఖాళీ చేసింది. మంచిపిల్లవని మరిడమ్మ దాని తల నిమిరింది.

మధ్యాహ్నం క్లాసులు మొదలైన కాసేపటికే మొదటి వాంతి అయింది. అది ఆగకముందే ఇంకో మూల నుంచి ఇంకొకరు. పొట్టలు పట్టుకుని పిల్లలు నేలమీద మెలికలు తిరుగుతుంటే, ఉమాశంకర్, మరిడమ్మ దొరికిన ఆటోల్లో ఎక్కించుకుని సాలూరు ఆసుపత్రికి పరుగుపెట్టారు. సుహాసిని వాంతిలో నెత్తురు పడింది. దాన్ని, దాని తండ్రి ధనరాజును అంబులెన్సులో విజయనగరం పంపించేశారు.

పిల్లలకు సెలైన్లు పెట్టించి డాక్టరు బయటికొచ్చాడు. ఏం తిన్నారని అడిగి, ఆనపకాయ అనగానే ఆగిపోయాడు. ఒక్కోసారి ఒక్కో కాయ చేదెక్కుతుందని, ఆ చేదే విషమని, ఎంత ఉడికించినా అది పోదని చెప్పాడు.

"నాలుకకు తగిలితే చాలు, తెలిసిపోతుంది. వండాక ఎవరూ రుచి చూడలేదా?"

మరిడమ్మ తల వంచుకుంది. చూశామండీ అని ఉమాశంకర్ గొణిగాడు. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దు గుంకుతుండగా ఉమాశంకర్ ఫోను మోగింది. విన్నాడు. అవతలివాళ్ళు పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. ఆయనే చెప్పాడు, పిల్ల విజయనగరం చేరకుండానే పోయిందని.

మరిడమ్మ గోడవారగా జారిపోయి, అలాగే పాక్కుంటూ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంది.

"నా నోరు ఎప్పుడో సచ్చిపోయినాది మేస్టారూ. సుట్టకి కాలిపోయినాది. ఉప్పు తెల్దు, సేదు తెల్దు. పని పోతాదని దాసీసినాను. పిల్ల మొత్తుకుంటన్నా బాగున్నాదనీసినాను. నానే సంపీసినాను దాన్ని. నన్ను పోలీసోలకి అప్పజెప్పీయండి."

కాలితో తంతాడని ఎదురుచూసింది. తన్నినా బాగుండుననిపించింది. ఆయన తన్నలేదు, తిట్టలేదు. ఆమె చేతులు విడిపించుకుని, ఆసుపత్రి వరండాలో ఆ నేలమీదే ఆమె పక్కన కూలబడ్డాడు.

"కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచీ నా నాలుకకీ ఏదీ తెలీదు మరిడమ్మా," అన్నాడు. "రోజూ నీ మొహం చూసే తలూపుతున్నాను."