పడవ అడుగున చప్పుడు

డాల్ఫిన్లు కనిపించకపోతే సరంగు పడవ అడుగున పిడికిలితో కొట్టేవాడు. రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా. ఆ పిలుపుకి అవి తప్పకుండా వచ్చేవి. సెలవులకు వచ్చి పడవెక్కినవాళ్ళు కేరింతలు కొట్టేవారు.

ఆ రాత్రి పడవను పొడి ఇసుక మీదికి లాగేసి, సరంగూ బామ్మర్దీ అందులోనే కూర్చుని లైఫ్ జాకెట్లు మడతపెడుతున్నారు. అడుగున చప్పుడైంది. రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా.

"ఆటలు చాలు బావా."

"నా చేతులు ఖాళీగా ఉన్నాయేంట్రా?"

మళ్ళీ చప్పుడైంది. ఈసారి నీళ్ళ వైపు నుంచి వచ్చింది. బామ్మర్ది జాకెట్ పక్కన పెట్టి పడవ దిగాడు.

"ఎక్కడికిరా?"

"పిలుస్తుంటే వెళ్ళొద్దా బావా?" అన్నాడు, వెనక్కి చూడకుండా.

తానెప్పుడు దిగాడో తెలియదు గానీ, సరంగు కాళ్ళకు అప్పటికే తడి తగులుతోంది.