గోడ మీది ముసుగు

ఆ రోజుల్లో కళ్ళజోడు లేకుండా వీధిలోకి వచ్చేవాళ్ళు లేరు. మనసు నొప్పించే బొమ్మ ఎక్కడున్నా ఆ జోడు మసకేసి మూసేసేది. ఒకనాడు ఏస్తేరమ్మ కుళాయి దగ్గర జోడు తీసి మొహం కడుక్కుంటూ తలెత్తింది. ఎదురింటి పానకాలు ప్రహరీ గోడ మీద, మెడకు ముంత, నడుముకు చీపురు కట్టిన మనిషి బొమ్మ. ఒకప్పుడు ఆమె ముత్తాతలను వీధుల్లో అలాగే నడిపించారు.

"జోడు పెట్టుకో అత్తా. మన కంట పడకూడదనేగా మూశారు," అంది కోడలు సువార్త.

"మూసింది మనకేనే. వాడూ వాడి నేస్తాలూ జోళ్ళు తీసి చూసుకుని నవ్వుకుంటున్నారు. నేనేమో పొద్దున్నే 'బాగున్నావా నాయనా' అని వాణ్ణి పలకరిస్తున్నాను."

నొచ్చుకున్నవాళ్ళు అడిగితే జోళ్ళ కంపెనీవాళ్ళు అందరి జోళ్ళలోనూ ఆ ముసుగు తీసేస్తారు. ఏస్తేరమ్మ అడిగింది. తెల్లారేసరికి వీధి వీధంతా ఆ గోడ ముందు ఆగింది. పాలవాడు పానకాలు ఇంట్లో పాలు పోయకుండానే వెళ్ళిపోయాడు. కన్నకూతురే "ఇదేంది నాన్నా?" అని నిలదీసింది.

మధ్యాహ్నానికి పానకాలు పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, మళ్ళీ మూయించు. నీకు పుణ్యముంటది."

"మూయించను. ఉంచుకుంటావో చెరుపుకుంటావో నీ ఇష్టం. గోడ నీది నాయనా, చూసే కళ్ళు మావి."

ఏస్తేరమ్మ కుర్చీ లాక్కుని, వాకిట్లో గోడకు ఎదురుగా కూర్చుంది. కాసేపటికి అవతల సున్నం బకెట్ చప్పుడైంది.

"నిచ్చెన కావాలంటే మా దొడ్లో ఉందిరా!" అని కేకేసింది.