గడప మీది బ్రెడ్డు బిళ్ల

నాలుగున్నరకే చీకటి పడింది. కాలువ ఒడ్డున కట్టేసిన పడవింట్లో లియాన్ బ్రెడ్డు అంచులు కోసేసి, తెల్లటి భాగాన్ని మిక్సీలో పొడి చేస్తోంది. పొద్దున చేపలకు వేసే ఎర అది. మొగుడు కార్ల్ బల్ల మీద కాళ్లు చాపుకుని గాలాలకు దారం కడుతున్నాడు.

"ముద్ద చేసేస్తున్నావేంటే? చలికాలం చేపకి ఆశ పెట్టాలి గానీ కడుపు నింపకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అంత తెలిసినోడివి నువ్వే చేసుకో. గాలానికి గుచ్చే బిళ్లలు కూడా కోసుకో."

"అవి నీళ్ల దగ్గర అప్పటికప్పుడు కోసేవి, మహాతల్లీ. కోసే గొట్టం నా జేబులోనే ఉంది."

లియాన్ మిక్సీ ఆపింది. కాళ్ల దగ్గర ఐవీ ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది. ఏడాది నిండని పిల్ల. నోట్లో వేలు పెట్టి తీస్తే, గోరంత గుండ్రటి బ్రెడ్డు బిళ్ల. తడిగా ఉంది. కాలువ బురద వాసన కొడుతోంది.

నేల మీద అలాంటిదే ఇంకొకటి. జానెడు దూరంలో మరొకటి. అలా వెనక తలుపు దాకా ఉన్నాయి. సాయంత్రం తను గడియ పెట్టిన తలుపు ఇప్పుడు బెత్తెడు తెరిచి ఉంది.

"కార్ల్, గడియ నువ్వు తీశావా?"

"ఈ చలిలోనా? పిచ్చా నీకు?"

ఆమె ఇటు తిరిగేలోపే ఐవీ పాకుతూ తలుపు దగ్గరికి చేరింది. గడప మీది చివరి బిళ్ల కోసం చెయ్యి చాచింది.

బిళ్ల కొంచెం వెనక్కి, బయటికి జరిగింది.