రిలీవర్

"నోరు తెరూ, కనకం," అంటూ ఇడ్లీ ముక్క అందించాను. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన నా భార్యని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి పదిహేను రోజులైంది. ఆమె పెదవులు బిగించుకుంది.

"ఏటే? ఏ, బీ, సీ షిఫ్టులు మూడూ నానొక్కడినే సేత్తన్నాను. స్టీలు ప్లాంటు ఫోర్‌మన్ని మరి!"

ఆమె మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చింది. "రిలీవర్ రాలేదని... రెండు షిఫ్టులు సేసినోడిని... మూడోదానికి ఉంచీవోరా?"

ఉంచేవాణ్ణి కాదు. డ్యూటీ అందుకోవాల్సిన రిలీవర్ రాకపోయినా సరే, నిద్రమత్తు మనిషి ఫర్నేసు కంటే ప్రమాదమని అరగంట ఉపన్యాసమిచ్చి మరీ ఇంటికి పంపేవాణ్ణి.

"అది ఫర్నేసు. ఇది ఇడ్లీయే కదే," అన్నాను.

ఆమె కళ్ళతో చూపించింది. నేను ఇడ్లీని ముంచింది చట్నీలో కాదు, నా కాఫీ గ్లాసులో.

"సరే, ఈ ఇంట్లో నాకు రిలీవర్ ఎవులున్నారే?"

కనకం ఎడమచేత్తో పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఇంకో ముక్క తుంచి నోటిదాకా తీసుకెళ్ళింది. సగం నైటీ మీద పడింది. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి ఖాళీగానే ఉందని, దానికి పని ఇవ్వనిది నేనేనని అప్పుడు తెలిసింది ఫోర్‌మన్‌గారికి.

మిగిలిన సగం నమిలి మింగి, ఆమె అంది:

"నానొచ్చీసినాను. ఎల్లి... తొంగోండి."