ఐదో పలక

"అది మన పాప పేరే కదూ," అంది మంచం మీది మనిషి.

ఆయన సుత్తి గాల్లోనే ఆగింది. "కళ్లు లేకపోయినా కనిపెట్టేస్తావే."

"ముందు నాలుగు పలకలూ టకటకా కొట్టేశావు. దీని దగ్గరికొచ్చేసరికి పసిపిల్లని జోకొడుతున్నట్టు కొడుతున్నావు."

ఆయన అక్షరాల్లోని ఇత్తడి పొడి ఉఫ్ మని ఊది మళ్లీ వంగాడు.

ఏటా టీవీ కార్యక్రమాలకూ నటులకూ ఇచ్చే బహుమతుల మీద పేర్లు చెక్కే పని ముప్పై ఏళ్లుగా ఆయనదే. వేదిక మీద కవరు చింపేదాకా గెలిచిందెవరో ఎవరికీ చెప్పరు. అందుకని పోటీలో ఐదుగురుంటే ఐదుగురి పేర్లూ ముందే చెక్కి సంచిలో వేసుకెళ్లాలి. తెర వెనక కూర్చుని, పేరు చదవగానే ఆ పలకను బహుమతి పీటకు రివిట్లు కొట్టి బిగించాలి. ఆయన బిగిస్తే ఏనుగు లాగినా ఊడదని పేరు. ఈసారి చివరి ఐదు పలకలూ సహాయ నటి బహుమతికి. అందులో ఐదోది కూతురిది.

గది ఊడుస్తున్న మరదలు మంచం కిందికి తొంగిచూసింది. అక్కకు సుస్తీ చేసిందని వారం కిందటే వచ్చింది. "బావా, ఈ మంచం కోడు కింది పలక మీద ఎవరో పెద్ద నటుడి పేరుంది."

"పోయినేడు గెలవక మిగిలాడు. అవతలి కోడు కింద ఇద్దరు హీరోయిన్లున్నారు చూడు."

"పాపం, బహుమతి రాకపోయినా మంచం మోసే ఉద్యోగం దొరికింది," అంది మంచం మీదావిడ. నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

మరదలు చీపురు గోడకు ఆనించింది. "బావా, ఇప్పటికైనా దానికి ఫోన్ చెయ్యి. ఎనిమిదేళ్లయింది. సీరియళ్లలో వేస్తానందని గుమ్మంలో నిలబెట్టి, బహుమతి చేత పట్టుకునే ఈ గడప తొక్కమన్నావు. అది మాత్రం ఎవరి కూతురు? మొండితనంలో నీకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది."

"అన్నాను. అన్నమాట మింగే అలవాటు నాకు లేదు."

"నిన్న డాక్టరమ్మ నిన్ను తలుపవతలికి పిలిచి చెప్పింది మర్చిపోయావా?"

"రెండు రోజులంది. మహా అయితే మూడు," మంచం మీంచే జవాబొచ్చింది. "షుగరు కళ్లు తినేసింది గానీ చెవులు మిగిల్చిందే. దానికి మాత్రం నా సంగతి చెప్పకండి. పందెం రోజున పిల్ల కాళ్లకి అడ్డం పడకండి."

"గెలవకపోతే?"

"గెలుస్తుంది. గెలిచే వస్తుంది."

నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం ఏడున్నరకు కూతురి గొంతు ఒక్కటే టీవీలోంచి ఆ ఇంటికి వస్తోంది. అది సీరియల్లో ఏడిస్తే ఈవిడ ఇక్కడ కొంగు తడుపుకునేది. ఆయన ఆ అరగంటా పెరట్లో పలకలు తోముకునేవాడు.

ఐదు పలకలూ గుడ్డలో చుట్టుకుని ఆయన లేచాడు. వెళ్లబోతూ మంచం దగ్గర ఆగాడు.

"ఈ సభ టీవీలో ఆదివారం గానీ వెయ్యరు," అన్నాడు.

"ఆదివారం దాకా నన్నెక్కడ ఉండమంటావు? నువ్వే వచ్చి చెప్పు."

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. మరదలు ఎదురెళ్లి మొహంలోకి చూసింది. ఆయన ఆమెను దాటుకుని వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. చల్లటి ఇత్తడి పలక ఒకటి భార్య అరచేతిలో పెట్టాడు.

"గెలిచింది," అన్నాడు.

మరదలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మంచం మీదావిడ వేళ్లు అక్షరాల మీద ఒక్కొక్కటిగా నడిచాయి, కూతురి తలలో చిక్కు తీస్తున్నట్టు. అంచుల మీదికి పోయాయి. నాలుగు మూలల్లోని నాలుగు రివిట్టు చిల్లుల చుట్టూ మెల్లగా తిరిగాయి; ఎక్కడా ఒక్క గీరు తగల్లేదు.

"బహుమతేదీ?"

"దాని దగ్గరే ఉంది. పలక నీకు చూపిద్దామని ఊడదీసి తెచ్చాను. మళ్లీ బిగించాలి."

"వస్తోందా మరి?"

"రేపు పొద్దున మొదటి బస్సుకి. తనే అంది."

ఆమె చెయ్యి తడుముకుంటూ ఆయన భుజం మీదికి పాకింది. "చొక్కా తడిసిందేం?"

"చెమట. లోపల జనం."

"చెమటకి పౌడరు వాసనొస్తుందా?"

"గెలిచిందిగా. నా భుజం మీద పడి ఏడ్చింది."

"నువ్వో?"

"నేనెందుకేడుస్తాను?"

ఆమె ఆ తడి మీంచి చెయ్యి తియ్యలేదు. "బాగా చెక్కావయ్యా. ఒక్క గీత వంకర పోలేదు."

"స్నానం చేసొస్తాను," అని ఆయన గబగబా పెరట్లోకి వెళ్లిపోయాడు. నీళ్ల చప్పుడు మాత్రం ఎంతసేపటికీ వినపడలేదు.

మరదలు అక్క పక్కన చేరింది. "ఏమాటకామాటే చెప్పుకోవాలక్కా. ఎనిమిదేళ్లు వంగకుండా కూర్చుని, ఆఖరికి బావ తన మాటే నెగ్గించుకున్నాడు."

"అవునే. మీ బావ వంగే మనిషి కాదు." ఆమె కళ్లలోంచి నీళ్లు జారి చెవుల్లోకి పోతున్నాయి. "రేపు పాప వచ్చినప్పుడు నువ్వు కూడా బహుమతి ఊసెత్తకు. తిన్నావా అని మాత్రం అడుగు."

"అదేంటక్కా?"

"అలసిపోయి వస్తుంది కదే. ఇదిగో, ఈ పలక నా దిండు కింద పెట్టు. కోడు కింద పెట్టేరు సుమా."

"బహుమతి పలకని కోడు కింద ఎవరు పెడతారక్కా?" మరదలు నవ్వుతూ దిండు ఎత్తింది.

గెలిచినవాళ్ల పలక తిరిగి ఆ గడప తొక్కదని మంచం మీదావిడకు ముప్పై ఏళ్లుగా తెలుసు.