పేరు పెట్టి పిలువు

“గీ లైన్లు ఎవరు మార్చిన్రు?”

మేడ్చల్‌లో డ్యూటీ దిగి శామీర్‌పేట చర్చికి వచ్చేసరికి మార్చిన మాటలతోనే నాటకం రిహార్సల్ సగమైంది. శామ్యూల్ గయ్యిమన్నాడు.

‘లోపలికి రా’ అని తను రాసిన చోట, ‘ఓ కుర్మయ్య తమ్మీ, వాకిట్లనే నిలవడ్డవేంది? లోపలికి రా’ అని పెన్సిల్ రాత. ప్రతి పేజీలో ఇదే వరస.

అందరూ వెనక బెంచీ వైపు చూశారు. అక్కడ శామ్యూల్ తల్లి ఎలీషమ్మ పక్కన జక్కయ్య కూర్చున్నాడు. పక్క వీధిలో కూతురింటికి చుట్టపు చూపుగా వచ్చిన పెద్దాయన.

“నేనే బిడ్డా. వచ్చినోన్ని పేరు వెట్టి పిలిస్తే మంచిగుంటది.”

“ఎదురుంగ కనవడుతుండు గద తాతా! మళ్ల చెప్పుడెందుకు? జనం నవ్వుతరు. నాటకమంటే ఏందో తెల్వకుంటే ఊకోవాలె.”

జక్కయ్య ఎలీషమ్మ వైపు చూసి మాట మింగేశాడు. ఆమె కూడా, కొడుకు నలుగురిలో చిన్నబోతాడని నోరు మెదపలేదు.

శామ్యూల్ కూర్చుని పెన్సిల్ రాతంతా రబ్బరుతో చెరిపేశాడు. షుగర్‌తో చూపు పోయిన అమ్మకు తన మొదటి నాటకం వినిపించాలని అతని ఆశ. మధ్యలో ఈ ముసలాయన సొద ఏమిటని చిరాకు.

కోత పండుగనాడు చర్చిలో నాటకం ఆడితే చప్పట్లు మోగిపోయాయి.

“ఎట్లుందమ్మా?”

“మంచిగనే ఉంది కొడుకా.” అంది ఎలీషమ్మ. “ఎవరొచ్చిన్రో, ఎవరు వోయిన్రో నాకు సమజ్ కాలే. ఆ దినం రిహార్సల్ల అయితే కండ్లకు కట్టినట్టుండె.”

ఆ పేర్లు ఎవరి కోసమో శామ్యూల్‌కు అప్పుడు తట్టింది. అమ్మ కోసం రాసిన నాటకంలో అమ్మకే చోటు లేకుండా చేశాడు, చేతులారా.

చెరిపేసిన మాటలన్నీ జక్కయ్యతో మళ్లీ రాయించుకుని, వచ్చే ఆదివారం ఇంకోసారి ఆడించాలనుకున్నాడు. ఉరుకుల పరుగుల మీద జక్కయ్య కూతురు కెజియా ఇంటికి పోయాడు.

“తాత ఉన్నడా అక్కా? తప్పయింది, కాళ్లు మొక్కుత.”

కెజియా కళ్లు వాచి ఉన్నాయి.

“గాజులరామారంల తన ఇంటికి వోయి నాలుగు దినాలే ఉన్నడు తమ్ముడూ. బేస్తవారం నాడు పానం వోయింది.”

శామ్యూల్ చెప్పులు విడిచి గడపలో కూర్చున్నాడు.

“నాటకమంటే ఏందో తెల్వదని నోరు జారిన అక్కా.”

“నాయినకా? రేడియోల ఆయన నాటకమొస్తాందంటే వాడకట్టంత పనులు బందువెట్టి ఇంటుండె.”

“మరి స్టేజీకి రాయలేదా?”

“మొదలు గదే రాసిండు, మస్తు పేరొచ్చింది. గానీ ఒకపాలి మా అమ్మను ముందట కూసోవెడితే, కండ్లు లేని మనిషికి ఒక్క ముక్క తెల్వలేదట తమ్ముడూ. గప్పటికెల్లి స్టేజీ మొకం సూడలే, ఆమె ఇంటదని బతికినన్నాళ్లు రేడియోకే రాసిండు.”