గోడమీది కుందేలు

కథల పుస్తకాల్లోని కుందేలు అంగన్‌వాడీ గోడమీది తెరలోకొచ్చి మాట్లాడడం మొదలెట్టాక టీచర్లను పీకేశారు. పాఠాలూ ఆటలూ దానివే. వంటా ఊడవడమూ ఆయా సుగుణమ్మవి.

నిన్నట్నుంచి కుందేలు నోరు తెరిచి, అలాగే ఆగిపోయి ఉంది. అది చెబితే తప్ప బక్కపిల్ల జమున గుడ్డు ముట్టదు. నిన్నా తినలేదు.

సుగుణమ్మ గోడచాటుకెళ్లి గొంతు సన్నం చేసింది. "గుడ్డు తినవే జమునా!"

"కుందేలైతే 'జమున గారూ' అంటది. నువ్వు ఆయమ్మవి!"

సుగుణమ్మ ఇవతలికొచ్చి కూలబడింది. "అవునే, ఆయమ్మనే. కుందేలుకు జ్వరం. నాకు ఓపిక లేదు."

జమున ఆలోచించి, గుడ్డు చిదిమి సగం కుందేలు మూతికి పూసింది. "నేనూ తింటా, నువ్వూ తినాలి," అని మిగతాది మింగింది.

సుగుణమ్మ 'హమ్మయ్య' అనుకుని తడిగుడ్డ అందుకుంది. గోడ తుడవడం ఏ కుందేలుకూ ఎవరూ నేర్పలేదు.